పరాయి దేశంలో వైద్య విద్యార్థి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం

ఈ ఏటి సావనీరుకు ఏదైనా ఒక వ్యాసం రాయమని మన కార్యదర్శి గారు అడిగినారు. నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే మాస్టర్ని. తెలుగు మాట్లాడటం రోజూ ఉన్నదే గాని, తెలుగులో రాయడమంటే నాకు కొంచెం జంకు. తప్పులుంటే పెద్ద మనసుతో సర్దుకొని చదవాలని మనవి.

ఏం రాయాలా అని ఆలోచిస్తుంటే మన బస్తీ సంగతే కళ్ల ముందు నిలిచింది. ఇప్పుడు అంబర్‌పేట్‌లో, గోల్నాకలో, రామంతాపూర్‌లో డాక్టరు చదువుకు విదేశం పోయిన పిల్లలు చాలా ఇళ్లల్లో ఉన్నారు. ఇక్కడ గవర్నమెంటు సీటు రాక, ప్రైవేటు కాలేజీ ఫీజు కట్టే తాహతు లేక, కిర్గిజ్‌స్తాన్‌కో, జార్జియాకో, ఫిలిప్పీన్స్‌కో, రష్యాకో పంపుతున్నాము. ఇల్లు కుదువ పెట్టి పంపేవాళ్లున్నారు. తల్లి మెడలో బంగారం తీసి పంపేవాళ్లున్నారు. పంపే ముందు ఫీజు ఎంత, హాస్టల్ ఎంత, భోజనం హలాలా కాదా అని వంద ప్రశ్నలు అడుగుతాము. అడగవలసిందే. కాని పిల్లవాడు అక్కడ ఎవరితో మనసు విప్పి మాట్లాడతాడు, పరీక్ష తప్పితే ఎవరికి చెప్పుకుంటాడు అనే ప్రశ్న మాత్రం ఎవరమూ అడగము.

అందుకని సుమారు వంద సంవత్సరాల కింద ఇట్లాగే వైద్యం చదవడానికి సముద్రం దాటిన ఒక తెలుగు మనిషి జీవితం ఇక్కడ చెప్పదలచినాను. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన కనిపెట్టిన మందుల పేర్లు మన పిల్లలు పోటీ పరీక్షల కోసం కంఠస్థం చేస్తారు. కాని ఆ మందుల వెనక ఒంటరిగా చలిలో నిలబడ్డ ఒక విద్యార్థి ఉన్నాడన్న సంగతి చాలామందికి తెలియదు.

మూడోసారికి పాసైన మెట్రిక్

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన పశ్చిమ గోదావరి వైపు భీమవరంలో జన్మించినారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగుండక ఉద్యోగం నిలవలేదు. ఇంటి భారమంతా తల్లి వెంకమ్మ గారి మీద పడింది. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. ఆ ఇల్లు ఎట్లా నడిచిందో మన తల్లులకు వేరే చెప్పనక్కర లేదు.

పిల్లవానికి మొదట చదువు మీద మనసు లేదు. పదమూడేళ్ల వయసులో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరినాడు. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి బాగా సంపాదించాలని ఆలోచన. ఇంటివాళ్లు పట్టుకొచ్చి మళ్లీ బడిలో వేసినారు. మెట్రిక్ పరీక్ష ఒకసారి తప్పినాడు, రెండోసారి తప్పినాడు. మూడోసారి మద్రాసులో హిందూ హైస్కూలు నుంచి పాసైనాడు. మా బడిలో పదో తరగతి ఒక్కసారి తప్పితే చాలు, ఇక వీనితో ఏమీ కాదని షాపులో పనికి పెట్టేస్తారు. ఆ తల్లి అట్లా వదిలిపెట్టలేదు.

కాలేజీ చదువు అయినాక ఆయనకు రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకోవాలని కోరిక పుట్టింది. తల్లి ఒప్పుకోలేదు. అప్పుడు మద్రాసు మెడికల్ కాలేజీలో చేరినారు. డబ్బుకు స్నేహితులు కొంత, కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత ఆదుకున్నారు. 1919లో వారి అమ్మాయి శేషగిరి గారితో పెళ్లి జరిగింది.

స్వంత ఊళ్లోనే పరాయితనం

పరాయితనం అన్నది ఓడ ఎక్కిన తర్వాతనే మొదలవుతుందని మనం అనుకుంటాము. సుబ్బారావు గారికి మద్రాసులోనే మొదలైంది. గాంధీగారి పిలుపు విని ఆయన విదేశీ బట్ట మానేసి, ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు కోటుతోనే పోయేవారు. సర్జరీ చెప్పే ఇంగ్లీషు ప్రొఫెసరుకు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరకు ఎం.బి.బి.ఎస్. డిగ్రీ ఇవ్వక, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ ఇచ్చినారు. 1921లో చదువు ముగిసింది గాని గవర్నమెంటు వైద్య కొలువు దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర శాస్త్రం చెప్పే పనికి కుదిరినారు.

ఆ రోజుల్లోనే ఇంటి మీద పిడుగు పడింది. స్ప్రూ అనే ఒక రకం విరేచనాల జబ్బుతో అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో చనిపోయినారు. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. అప్పటి డాక్టర్ల చేతిలో దానికి సరైన మందు లేదు. కొంతకాలానికి అదే జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన బతికి బయటపడ్డారు. ఉష్ణ దేశాల జబ్బులను గురించి బాగా చదవాలన్న పట్టుదల అప్పటి నుంచి ఇంకా గట్టిపడింది. ఆ చదువు చెప్పే చోటు అమెరికాలో బోస్టన్ నగరం, హార్వర్డ్ విశ్వవిద్యాలయం.

ఓడ ఖర్చుకు మామగారు సాయం చేసినారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కూడా చేయూత ఇచ్చింది. సత్యలింగం గారు బర్మాలో కష్టపడి సంపాదించిన సొమ్ము విద్యకు, ధర్మానికి రాసిపెట్టిన మనిషి. ఆయన పెట్టిన ధర్మం ఊరూ పేరూ లేని ఒక విద్యార్థిని సముద్రం దాటించింది. మన సొసైటీ స్కాలర్‌షిప్ డబ్బా పట్టుకొని ఇల్లిల్లూ తిరిగే పెద్దలు ఈ ముక్క గుర్తు పెట్టుకోవాలి.

పగలు క్లాసు, రాత్రి దవాఖాన

1923 అక్టోబరు చివరలో సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగినారు. ఇంటి దగ్గర భార్య గర్భవతి. కొద్ది సంవత్సరాల్లో చదువు ముగించుకొని తిరిగి వస్తానని మాట ఇచ్చి వచ్చినారు.

ఆయన దిగిన కాలం ఎట్లాంటిదో తెలుసుకోవాలి. అదే 1923 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ కేసులో తీర్పు చెప్పింది. హిందుస్తాన్ వాళ్లు తెల్లవాళ్ల లెక్కలోకి రారు, అమెరికా పౌరసత్వానికి పనికిరారు అని ఆ తీర్పు సారాంశం. చదువుకోవడానికి రానిచ్చేవారు గాని, నువ్వు మావాడివి అనుకునే దారి మాత్రం మూసేసినారు. పైగా అక్టోబరు చివర అంటే అక్కడ చలికాలం వాకిట్లోకి వచ్చినట్టే. గోదావరి ఎండలో పెరిగిన మనిషికి మంచు ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

హార్వర్డ్‌లో ఉష్ణ దేశాల వైద్య విభాగంలో చేరినారు. మద్రాసు సర్టిఫికెట్‌తో అక్కడ డాక్టరుగా పనిచేయడానికి వీలు లేదు. తినడానికి, గది అద్దెకు పైసలు కావాలి. అప్పుడు పీటర్ బెంట్ బ్రిగం అనే దవాఖానలో రాత్రి పని దొరికింది. పని ఏమిటంటే రోగుల మలమూత్రాల పాత్రలు తీసి, కడిగి, మళ్లీ పెట్టడం. స్వదేశంలో డాక్టరు అనిపించుకున్న మనిషి, కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి, అక్కడ వార్డు బాయ్ పని చేసినారు. పగలు క్లాసు, రాత్రి దవాఖాన, మధ్యలో దొరికినంత నిద్ర.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. విదేశంలో విద్యార్థికి కష్టం పాఠాలతోనే అని మనం అనుకుంటాము. పాఠం రెండుసార్లు చదివితే వస్తుంది. కష్టమైనది ఏమిటంటే, మనిషికి తన గురించి తనకున్న లెక్క తారుమారు కావడం. ఇక్కడ క్లాసులో ఫస్టు వచ్చినవాడు అక్కడ ఇరవయ్యోవాడు అవుతాడు. ఇక్కడ గలగలా మాట్లాడేవాడు అక్కడ భాష రాక మూగవాడు అవుతాడు. ఆ సంగతి ఇంటికి రాయలేడు. అప్పు చేసి పంపినవాళ్లకు ఏమని రాస్తాడు? అంతా బాగానే ఉంది అని రాస్తాడు.

ఈ కష్టం నేనూ కొంత చూసినాను. ఉర్దూ మీడియంలో పది వరకు చదివి ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియంలో కూర్చున్నప్పుడు, రెండు నెలలు వెనక బెంచీలో నోరు తెరవలేదు. లెక్కలు నాకు వచ్చు, లెక్క అడిగిన భాష రాదు. కాలేజీకి మా ఇంటి నుంచి బస్సులో అరగంట. ఆ అరగంట దూరమే నాకు పరదేశం లాగా ఉండేది. ఇంట్లో అమ్మీ అడిగితే బాగానే ఉంది అనేవాణ్ణి. మరి ఏడు సముద్రాల అవతల ఉన్నవాని గతి ఏమిటి?

సుబ్బారావు గారి మీదకు ఇంకా పెద్ద దుఃఖం వచ్చింది. ఇంటి దగ్గర కొడుకు పుట్టినాడన్న కబురు వచ్చింది. ఏడాది తిరగకుండానే ఆ పసివాడు జబ్బు చేసి పోయినాడన్న కబురూ వచ్చింది. తండ్రి కొడుకు ముఖం చూడనే లేదు. ఆ రోజుల్లో ఉత్తరం ఓడలో పోయి చేరడానికి వారాలు పట్టేది. అంటే ఆయన ఆ దుఃఖం వినేనాటికే ఇంటి దగ్గర అన్నీ ముగిసిపోయినాయి.

నిలబెట్టినవి ఏవి

ఇన్ని దెబ్బలు తిన్న మనిషి ఎట్లా నిలబడినాడు? నాకు రెండు సంగతులు కనబడుతున్నాయి. ఒకటి, చేతికి దొరికిన పనిని ఆయన అవమానంగా తీసుకోలేదు. రెండు, కూర్చొని పనిచేయడానికి ఒక బల్ల, పని చూసి విలువ కట్టే గురువులు దొరికినారు. డిప్లొమా అయినాక ఆయన హార్వర్డ్‌లోనే జీవరసాయన శాస్త్ర విభాగంలో చేరినారు. అక్కడి పెద్ద ప్రొఫెసర్ ఒట్టో ఫోలిన్. ఆయన కూడా స్వీడన్ దేశం నుంచి చిన్న వయసులో వలస వచ్చిన మనిషే. సుబ్బారావు గారు సైరస్ ఫిస్కే అనే ఆయనతో కలిసి పని మొదలుపెట్టినారు.

1925లో వాళ్లిద్దరు రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతి ప్రకటించినారు. నీలి రంగు ఎంత చిక్కగా వస్తే భాస్వరం అంత ఎక్కువ అన్నమాట. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని దాన్ని ప్రపంచమంతా జీవరసాయన విద్యార్థులు నేర్చుకున్నారు. 1927లో కండరాలలో ఉండే ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. అనే పదార్థం గురించి ప్రకటించినారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా ఏ.టి.పి.ని కనుక్కున్నాడు. మా పిల్లలకు నేను ఇట్లా చెబుతాను: ఏ.టి.పి. అంటే జేబులో చిల్లర, ప్రతి పనికి శరీరం దాన్నే ఖర్చు పెడుతుంది. ఫాస్ఫోక్రియాటిన్ అంటే అమ్మ కొంగున ముడివేసిన పైసలు, చిల్లర అయిపోగానే అందులోంచి తీస్తుంది. 1930లో ఆయనకు పిహెచ్.డి. పట్టా వచ్చింది.

అయినా హార్వర్డ్‌లో స్థిరమైన కొలువు రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే అనే మందుల కంపెనీకి పోయి, అక్కడ పరిశోధనకు పెద్ద అయినారు. తర్వాత ఎనిమిది సంవత్సరాలలో జరిగిన పని ఒక పూర్తి జీవితానికి సరిపోతుంది.

1945లో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను తయారు చేసింది. గర్భిణీ స్త్రీలకు మన దవాఖానల్లో ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది ఇదే. స్ప్రూ జబ్బులో రక్తం తగ్గిపోతే పనిచేసే మందు కూడా ఇదే. అన్నదమ్ములు పోయిన ఇరవై ఏళ్ల పైన, వాళ్ల ప్రాణం తీసిన జబ్బుకు మందు ఆయన ప్రయోగశాలలోనే చేతికొచ్చింది. 1947లో హెట్రాజాన్ అనే ఫైలేరియా మందు వచ్చింది. బోదకాలు రాకుండా గవర్నమెంటు వాళ్లు ఇంటింటికి వచ్చి మింగించే డి.ఇ.సి. మాత్ర అదే. మూసీ పక్కన దోమల మధ్య బతికే మనకు దాని విలువ తెలుసు. అదే సమయంలో ఆయన బృందం తయారు చేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ వచ్చిన పసిపిల్లలకు ఇచ్చి చూసినారు. కొందరు పిల్లల్లో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు. ఆయన కింద పనిచేసిన వృద్ధ శాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీసినారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది.

చెల్లించిన వెల

ఇంతవరకు చెప్పి ముగిస్తే ఇది గెలుపు కథ అవుతుంది. కాని నిజం పూర్తిగా చెప్పాలి. సుబ్బారావు గారు మళ్లీ స్వదేశం రాలేదు. ఒక సంవత్సరం ఇంకో సంవత్సరం అయింది, అట్లా ఇరవై అయిదు సంవత్సరాలు గడిచిపోయినాయి. భార్య శేషగిరి గారు ఇక్కడే ఎదురుచూసినారు. 1946లో చట్టం మారి, హిందుస్తాన్ వాళ్లు అమెరికా పౌరులు కావచ్చు అన్నారు. అయినా ఆయన చివరి వరకు ఆ దేశ పౌరుడు కాలేదు. అక్కడివాడు కాలేదు, ఇక్కడికి రాలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి చనిపోయినారు. వయసు 53. ఆయన బొమ్మతో మన తపాలా శాఖ 1995లో స్టాంపు వేసింది.

ఆయన మందులతో లక్షల ఇళ్లు నిలిచినాయి. ఆయన ఇల్లు మాత్రం నిలవలేదు. ఆయన్ను నిందించడానికి ఈ మాట అనడం లేదు. పరదేశ విద్యకు ఫీజు రసీదులో కనబడని ఒక వెల ఉంటుందని, అది విద్యార్థి ఒక్కడే కట్టడని, ఇంటివాళ్లూ కడతారని చెప్పడానికే అంటున్నాను.

మనం చేయదగినవి

ఇప్పుడు మన పిల్లలకు ఉత్తరం కోసం వారాలు ఎదురుచూసే బాధ లేదు. ఫోనులో ముఖం కూడా కనబడుతుంది. కాని ముఖం కనబడినంత మాత్రాన మనసు కనబడదు. 2020లో కరోనా వచ్చి చైనాలో చదివే మన పిల్లలు రెండేళ్లకు పైగా కాలేజీ ముఖం చూడలేకపోయినారు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలై ఉక్రెయిన్ నుంచి వేల మంది పుస్తకాలు కూడా వదిలి పరుగెత్తి వచ్చినారు. చదువు ముగించి వచ్చినవాళ్లకూ ఇక్కడ ఇంకో పరీక్ష పాసైతేనే వైద్యం చేసే హక్కు. ఆ పరీక్షలో తప్పేవాళ్లే ఎక్కువ. తప్పినవాడు మొదటిసారే గల్లీలో తలెత్తుకోలేకపోతే రెండోసారి ఎట్లా రాస్తాడు? మెట్రిక్ మూడుసార్లు రాసిన సుబ్బారావు గారిని ఆ రోజు గుర్తు చేసుకోవాలి.

అందుకని తల్లిదండ్రులకు నా మనవి. ఫోను చేసినప్పుడు మార్కుల సంగతి ఆఖరున అడగండి. ఈ రోజు ఎవరితో కలిసి అన్నం తిన్నావు అని ముందు అడగండి. అప్పు సంగతి పిల్లవాని నెత్తిన ప్రతి వారం పెట్టకండి. చదువు కుదరక వెనక్కి వస్తానంటే ఇంటి తలుపు తెరిచే ఉంటుందని పంపేనాడే చెప్పండి. ఆ మాట విన్న పిల్లవాడు చాలావరకు వెనక్కి రాడు, నిలబడతాడు.

సొసైటీకి కూడా ఒక మనవి. విదేశంలో చదివే మన బస్తీ పిల్లల పేర్లు ఒక రిజిస్టరులో రాసుకుందాము. అక్కడ చదివి వచ్చిన డాక్టర్లు మన మధ్య ఉన్నారు. వాళ్లలో ఒక్కొక్కరు ఇద్దరు ముగ్గురు పిల్లలతో నెలకొకసారి మాట్లాడితే చాలు. దీనికి చందా అవసరం లేదు.

చివరి మాట. ఉస్మానియా యూనివర్సిటీ మనకు కూతవేటు దూరం. ఆఫ్రికా నుంచి, అరబ్ దేశాల నుంచి వచ్చి చదివే పిల్లలు మన బజార్లలో కూరగాయలు కొంటూ కనబడతారు. కొందరు వాళ్లకు గది ఇవ్వడానికి వెనకాడతారు, రేటు ఎక్కువ చెబుతారు, వెనక నుంచి నవ్వుతారు. ఆ పిల్లవాడు కూడా ఎవరో తల్లి బంగారం తీసి పంపిన పిల్లవాడే. బోస్టన్ చలిలో మన సుబ్బారావు గారికి ఎవరైనా ఒక కప్పు వేడి టీ ఇచ్చి ఉంటే బాగుండు అని మనకు అనిపిస్తుంది గదా. ఆ టీ మనం ఇక్కడ ఇవ్వవచ్చు.

పరదేశంలో ఉన్న మన పిల్లలందరినీ అల్లాహ్ చల్లగా చూడాలని, చదువు పూర్తి చేసుకొని క్షేమంగా ఇళ్లు చేరేటట్టు చేయాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాను. వస్సలాం.